నిరంతర ఏకీకరణలో కంటెయినరు ఇమేజీల నిర్వహణ

సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులలో నిరంతర ఏకీకరణ కొరకు వాడే కంటెయినరు ఇమేజీలను తయారుచేయుట, వాటికి సంచిక సంఖ్యలు ఇచ్చుట, కాలానుగుణంగా తిరిగి నిర్మించుట, కాలం చెల్లినవాటిని తొలగించుట - ఈ పనులన్నింటినీ కలిపి కంటెయినరు ఇమేజీల నిర్వహణ అంటారు.

ఒక ప్రాజెక్టులో పనిచేసే ప్రోగ్రామర్లు తాము చేసిన మార్పులను తరచుగా ఒకేచోట చేర్చుట, చేర్చిన ప్రతిసారీ ఆ ప్రోగ్రామును యంత్రమే నిర్మించి పరీక్షించుట నిరంతర ఏకీకరణ అనబడుతుంది. దీనిని ఆంగ్ల పొడి అక్షరాలతో సీఐ అని వ్యవహరిస్తారు. ఈ పరీక్ష జరగడానికి కావలసిన ఆపరేటింగు సిస్టం ఫైళ్ళు, కంపైలరు, లైబ్రరీలు, ఫాంట్లు మొదలైనవన్నీ ఒకచోట సర్ది ఉంచిన మూటను ఇమేజి అంటారు. ఇమేజిని నడిపినపుడు ఏర్పడేది కంటెయినరు. ఒకే ఇమేజి నుండి ఎన్ని కంటెయినర్లనైనా నడపవచ్చును. పరీక్ష పూర్తికాగానే కంటెయినరును పారవేస్తారు. ఇమేజి మాత్రం మిగిలి ఉంటుంది.

పరీక్షా ఫలితం నమ్మదగినదా కాదా అన్నది ఆ పరీక్ష ఏ ఇమేజిలో జరిగిందన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది. ఇమేజిలో లోపం ఉన్నచో సరియైన మార్పు విఫలమైనట్లు, దోషం గల మార్పు నెగ్గినట్లు కనిపించవచ్చును. ఇమేజి తనంతట తాను మారదు, కాని దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారుతూ ఉంటుంది. అందువలన ఇమేజిని ఒకసారి తయారుచేసి వదలివేయరాదు. ప్రోగ్రాముతో సమానంగా దానిని కూడా పోషించవలసి ఉంటుంది.

పేరు

కంటెయినరు అనే పదం ఓడ రవాణా నుండి వచ్చినది. పూర్వం ఓడలలోకి బస్తాలు, పీపాలు, పెట్టెలు విడివిడిగా ఎక్కించేవారు. ఈ పనికి వందలాది రేవు కూలీలు, రోజుల తరబడి సమయం అవసరమయ్యేవి. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే అమెరికా వ్యాపారి ఏర్పాటు చేసిన 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 కంటెయినర్లతో నెవార్క్ రేవు నుండి హ్యూస్టన్‌కు బయలుదేరినది. ఆధునిక కంటెయినరు రవాణాకు దీనిని ఆరంభంగా పరిగణిస్తారు. పెట్టె లోపల ఏమున్నదో క్రేనుకు తెలియనవసరం లేదు; పెట్టె కొలతలు ఒక్కటిగా ఉంటే చాలును.

సాఫ్ట్‌వేరు కంటెయినరులోని భావన కూడా ఇదే. లోపల ఉన్నది పైథాన్ ప్రోగ్రామైనా, పీహెచ్‌పీ ప్రోగ్రామైనా దానిని నడిపే యంత్రానికి ఒకే విధంగా కనిపిస్తుంది. ఈ రంగంలో ప్రసిద్ధమైన 'డాకర్' పేరుకు ఆంగ్లంలో రేవు కూలీ అని అర్థం. తెలుగునాట పూర్వపు ఓడరేవు కోరంగి, కోనసీమలో వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఓడలరేవు గ్రామం మొదలైనవి ఈ రేవు వృత్తిని గుర్తుచేసే స్థలాలు.

చరిత్ర

ఒక ప్రోగ్రామును మిగిలిన వ్యవస్థ నుండి వేరుచేసి నడపాలనే ఆలోచన పాతదే. యూనిక్స్‌లో 1979లో రూపొందిన 'సీహెచ్‌రూట్' ఒక ప్రోగ్రాముకు ఫైళ్ళ వ్యవస్థలో ఒక భాగం మాత్రమే కనిపించేట్లు చేసినది. లినక్సు కెర్నెలులో 2002 నుండి 'నేమ్‌స్పేసులు' ఒకటొకటిగా చేరినవి. ఒక్కొక్క ప్రోగ్రాముల గుంపు ఎంత మెమొరీ, ఎంత ప్రాసెసరు సమయం వాడవచ్చునో నిర్ణయించే 'సీగ్రూపులు' 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కెర్నెలులో చోటుచేసుకున్నవి. కంటెయినరు అనేది కెర్నెలులో విడిగా ఉన్న వస్తువు కాదు. ఈ సౌకర్యాల కలయికకు పెట్టిన పేరు మాత్రమే.

2013 మార్చిలో జరిగిన పైకాన్ సదస్సులో డాట్‌క్లౌడ్ సంస్థకు చెందిన సాలమన్ హైక్స్ డాకర్‌ను ప్రదర్శించాడు. డాకర్ చేసిన ముఖ్యమైన పని ఇమేజిని పొరలుగా భద్రపరచి, ఒక చోటు నుండి మరొక చోటికి సులభంగా పంపే పద్ధతిని ఏర్పరచుట. 2015లో ఓపెన్ కంటెయినర్ ఇనిషియేటివ్ ఏర్పడి, 2017 జూలైలో ఇమేజి నిర్మాణానికి 1.0 ప్రమాణాన్ని విడుదల చేసినది. నేడు పాడ్‌మాన్, బిల్డా వంటి ఇతర పనిముట్లు కూడా ఇదే ప్రమాణాన్ని పాటిస్తున్నవి.

నిరంతర ఏకీకరణ చరిత్ర దీనికి సమాంతరంగా సాగినది. 1990వ దశకం చివరిలో కెంట్ బెక్ ప్రచారం చేసిన 'ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్' పద్ధతిలో ఇది ఒక భాగం. 2001లో క్రూజ్ కంట్రోల్, 2005లో హడ్సన్ అనే పనిముట్లు వచ్చినవి. హడ్సన్ నుండి 2011లో జెంకిన్స్ ఏర్పడినది. తొలిరోజులలో పరీక్షలన్నీ ఒకే సర్వరులో జరిగేవి. ఆ సర్వరులో ఎవరు ఎప్పుడు ఏ లైబ్రరీ స్థాపించారో కొంత కాలానికి ఎవరికీ తెలిసేది కాదు. రెండు ప్రాజెక్టులకు ఒకే లైబ్రరీలోని రెండు వేర్వేరు సంచికలు కావలసివస్తే చిక్కు ఏర్పడేది. ప్రతి పరీక్షకూ కొత్త కంటెయినరు వాడుట వలన ఈ సమస్య తీరినది. అయితే సర్వరును చూసుకొనే బాధ్యత పోయి, ఇమేజిని చూసుకొనే బాధ్యత వచ్చినది.

పనిచేయు విధానం

ఇమేజిని ఎలా తయారుచేయాలో తెలిపే ఆదేశాల జాబితాను 'డాకర్‌ఫైలు' అంటారు. దీని మొదటి పంక్తిలో మూల ఇమేజి పేరు ఉంటుంది. ఉదాహరణకు డెబియన్ లినక్సును మూలంగా తీసుకొని, తరువాతి పంక్తులలో ప్యాకేజీలను స్థాపించమని, ఫైళ్ళను నకలు చేయమని ఆదేశించవచ్చును. ఫైళ్ళను మార్చే ప్రతి ఆదేశమూ ఒక పొరను ఏర్పరుస్తుంది. పొరలు ఒకదానిపై ఒకటి పేర్చబడి, చూచేవారికి ఒకే ఫైళ్ళ వ్యవస్థగా కనిపిస్తాయి.

పొరల పద్ధతి వలన రెండు ఫలితాలు కలవు. మొదటిది, పది ఇమేజీలకు మూలం ఒక్కటే అయినచో ఆ పొరను ఒకసారి దించుకొంటే సరిపోతుంది. రెండవది, క్రింది పొరలో చేర్చిన ఫైలును పై పొరలో తొలగించినప్పటికీ అది నిజంగా పోదు. కనిపించకుండా మాత్రమే పోతుంది. ఇమేజి పరిమాణం తగ్గదు, ఆ ఫైలును వెలికితీయుట కూడా సాధ్యమే. దీని పర్యవసానం భద్రత విభాగంలో వివరించబడినది.

తయారైన ఇమేజీలను 'రిజిస్ట్రీ' అనే గిడ్డంగిలో ఉంచుతారు. డాకర్ హబ్, క్వే, గిట్‌హబ్ రిజిస్ట్రీ మొదలైనవి ప్రజలందరికీ అందుబాటులో ఉన్నవి. పెద్ద ప్రాజెక్టులు సొంత రిజిస్ట్రీని నడుపుకుంటాయి. రిజిస్ట్రీలోని ఇమేజిని రెండు విధాలుగా పిలువవచ్చును.

ట్యాగు: మనుషులు పెట్టిన పేరు. నేడు ఒక ఇమేజిని సూచించే ట్యాగును రేపు మరొక ఇమేజికి మార్చవచ్చును. 'లేటెస్ట్' అనేది కూడా ఒక ట్యాగు మాత్రమే. ట్యాగు ఇవ్వనపుడు దానినే తీసుకుంటారు. పేరు అలా ఉన్నంత మాత్రాన అది సరికొత్త ఇమేజి కావలెనన్న నియమం లేదు.

డైజెస్టు: ఇమేజి వివరణ పత్రంపై ఎస్‌హెచ్‌ఏ-256 గణనం చేయగా వచ్చే 64 అక్షరాల సంఖ్య. ఇమేజిలో ఒక్క బైటు మారినా డైజెస్టు మారిపోతుంది. అందువలన డైజెస్టుతో పిలిచిన ఇమేజి ఎన్నడైనా ఒక్కటే.

ఇమేజీలు పాతబడుటకు కారణాలు

డైజెస్టుతో బంధించిన ఇమేజి ఎన్నటికీ మారదు కనుక ఇక నిర్వహణ ఎందుకనే సందేహం కలుగవచ్చును. ఇమేజి మారకపోయినా అది ఆధారపడిన బయటి సేవలు మారుతాయి. గత కొన్ని సంవత్సరాలలో జరిగిన సంఘటనలు దీనికి ఉదాహరణలు.

2019 మార్చిలో డెబియన్ 8 పంపిణీకి చెందిన 'జెస్సీ-అప్‌డేట్స్' విభాగాన్ని అద్దం సర్వర్ల నుండి తొలగించారు. దానిని పేర్కొన్న డాకర్‌ఫైళ్ళు ఒక్క అక్షరం మారకుండానే నిర్మాణంలో విఫలమైనవి. సెంటోస్ లినక్సు 8కి మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసినది. మరుసటి నెల చివరిలో దాని ప్యాకేజీలు మామూలు చోటు నుండి పాత సంచికల నిల్వకు తరలినవి. సెంటోస్ 7కు 2024 జూన్ 30తో ఇదే పరిస్థితి ఏర్పడినది.

2021 సెప్టెంబరు 30న 'డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3' అనే మూల ధ్రువపత్రం గడువు తీరినది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ జారీచేసిన ధ్రువపత్రాలను సరిచూచుటకు అంతవరకు అనేక పాత వ్యవస్థలు దీనిపై ఆధారపడేవి. పాత ఓపెన్ఎస్ఎస్ఎల్ లేక పాత ధ్రువపత్రాల జాబితా గల ఇమేజీలలో నడిచిన పరీక్షలు ఆ దినాన సురక్షిత వెబ్‌సైట్లకు చేరలేకపోయినవి. పరీక్షించబడుతున్న ప్రోగ్రాములో ఏ దోషమూ లేదు.

రిజిస్ట్రీల నియమాలు కూడా మారుతాయి. 2020 నవంబరు 2 నుండి డాకర్ హబ్ పరిమితులు విధించుట మొదలుపెట్టినది. ఖాతా లేనివారు ప్రతి 6 గంటలకు 100 సార్లు, ఉచిత ఖాతా గలవారు 200 సార్లు మాత్రమే ఇమేజీలను దించుకొనవచ్చునని ఆనాడు ప్రకటించారు. ఒకే ఐపీ చిరునామా వెనుక అనేక పరీక్షలు నడిపే సంస్థలకు ఇది ఇబ్బంది కలిగించినది. తరచుగా వాడే ఇమేజీల నకళ్ళను సొంత రిజిస్ట్రీలో ఉంచుకొనే అలవాటు దీని తరువాత పెరిగినది.

వీటన్నింటిలో సాధారణమైన విషయం ఒకటి కలదు. విఫలమైన పరీక్షను చూచిన ప్రోగ్రామరు మొదట తన మార్పునే అనుమానిస్తాడు. ఇమేజిలో ఏమున్నది, ఎప్పుడు మారినది అన్న వివరం అందుబాటులో లేకపోతే అసలు కారణం తెలుసుకొనుటకు చాలా కాలం పడుతుంది. కారణం లేకుండా పరీక్షలు విఫలమగుట అలవాటైన ప్రాజెక్టులో, నిజమైన దోషాన్ని చూపిన పరీక్షను కూడా లెక్కచేయకపోవుట జరుగుతుంది.

నిర్వహణ పద్ధతులు

మూల ఇమేజి ఎంపిక

మూల ఇమేజికి ఎంత కాలం మద్దతు ఉంటుందో ముందుగా చూడవలెను. డెబియన్, ఉబుంటు, ఆల్పైన్ మొదలైన పంపిణీలు ప్రతి సంచికకు మద్దతు ముగిసే తేదీని ప్రకటిస్తాయి. ఆ తేదీకి ముందుగానే తరువాతి సంచికకు మారుట మంచిది. సాఫ్ట్‌వేరు వాస్తవంగా నడిచే సర్వరులో ఏ పంపిణీ ఉన్నదో పరీక్షకు కూడా అదే వాడుట ఉత్తమం. ఉదాహరణకు ఆల్పైన్ మూల ఇమేజి 10 మెగాబైట్ల లోపే ఉంటుంది గాని, అది గ్లిబ్‌సీకి బదులు 'మజల్' అనే సీ లైబ్రరీని వాడుతుంది. ఆల్పైన్‌లో నెగ్గిన పరీక్ష డెబియన్‌లో కూడా నెగ్గుతుందని చెప్పలేము.

సంచిక సంఖ్యలు

సీఐ పనులలో 'లేటెస్ట్' ట్యాగును వాడకుండుట సాధారణ నియమం. దానిని వాడినచో నిన్న నెగ్గిన పరీక్ష నేడు విఫలమైనపుడు ప్రోగ్రాము మారినదా, ఇమేజి మారినదా అని తేల్చుట కష్టం. ప్రతి ఇమేజికి సంచిక సంఖ్య ఇచ్చి, ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరల వాడకుండుట, సంచికకు సంచికకు మధ్య మార్పులను చిట్టాలో వ్రాయుట మంచి పద్ధతులు. మరింత కట్టుదిట్టం కావలసినచోట డైజెస్టును వాడుతారు.

పునర్నిర్మాణం

బంధించిన ఇమేజికి భద్రతా సవరణలు వాటంతట అవి రావు. కనుక ఇమేజిని ప్రతి వారమో, ప్రతి నెలో తిరిగి నిర్మించి, కొత్త సంచికపై పరీక్షలు నడిపి, నెగ్గిన తరువాతనే సీఐ పనులను దానికి మారుస్తారు. డిపెండబాట్, రెనొవేట్ వంటి పనిముట్లు కొత్త మూల ఇమేజి వచ్చినపుడు మార్పును ప్రతిపాదిస్తాయి. దానిని ఆమోదించేది మాత్రం సాధారణంగా మనిషే. ఒకవైపు మార్పు లేకుండా బంధించుట, మరొకవైపు తరచుగా నవీకరించుట - ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా నిజానికి ఒకదానికొకటి తోడు. ఇమేజి మారుట తప్పు కాదు. ఎవరికీ తెలియకుండా మారుటయే తప్పు.

నిర్మాణ సమయంలో పాత పొరలను తిరిగి వాడుకొనే సౌకర్యం వలన ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్యాకేజీల జాబితాను తెచ్చే ఆదేశాన్ని, ప్యాకేజీని స్థాపించే ఆదేశాన్ని వేర్వేరు పంక్తులలో వ్రాసినచో మొదటి పొర నెలల తరబడి పాతదే నిలిచిపోయి, రెండవది లేని సంచిక కొరకు వెదకి విఫలమవుతుంది. అందువలన ఈ రెండింటినీ ఒకే పంక్తిలో వ్రాస్తారు.

పరిమాణం

ఇమేజి ఎంత పెద్దదైతే దించుకొనుటకు అంత సమయం పడుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల వేగం గల కనెక్షనులో 1 గిగాబైటు ఇమేజిని దించుకొనుటకు సుమారు 13 నిమిషాలు పడుతుంది. 100 మెగాబైట్ల ఇమేజికి 80 సెకన్లు చాలును. పెద్ద సంస్థల డేటా కేంద్రాలలో ఈ తేడా అంతగా తెలియదు. ఇంజనీరింగు కళాశాల గల ఓడలరేవు వంటి గ్రామం నుండి మొబైలు డేటాతో పనిచేస్తూ, విఫలమైన పరీక్షను తన కంప్యూటరులో మరల నడిపి చూడదలచిన విద్యార్థికి మాత్రం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులో పాల్గొనగలడా లేదా అన్నది ఈ తేడాపై ఆధారపడవచ్చును.

2017 మేలో విడుదలైన డాకర్ 17.05తో బహుళదశల నిర్మాణం సాధ్యమైనది. దీని ప్రకారం కంపైలరు మొదలైన పనిముట్లను ఒక దశలో వాడి, తయారైన ఫలితాన్ని మాత్రమే చివరి దశలోకి నకలు చేస్తారు. ప్యాకేజీల తాత్కాలిక ఫైళ్ళను వాటిని సృష్టించిన పంక్తిలోనే తొలగించుట కూడా అవసరం.

తొలగింపు

ప్రతి పునర్నిర్మాణంతో రిజిస్ట్రీలో ఒక కొత్త ఇమేజి చేరుతుంది. ఏ సీఐ పనీ వాడని ఇమేజీలను కొంత గడువు తరువాత తొలగించవలెను. అయితే సాఫ్ట్‌వేరు పాత సంచికలకు మద్దతు ఇచ్చే ప్రాజెక్టులు ఆయా సంచికలను పరీక్షించే ఇమేజీలను ఆ మద్దతు ముగిసేవరకు ఉంచుకొంటాయి.

వికీమీడియా ప్రాజెక్టులలో

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాతో సహా వికీమీడియా ప్రాజెక్టులన్నీ మీడియావికీ అనే సాఫ్ట్‌వేరుపై నడుస్తున్నవి. ఈ సాఫ్ట్‌వేరు సోర్సు 2012లో గిట్ పద్ధతికి మారినది. ప్రోగ్రామర్లు పంపే మార్పులు జెరిట్ అనే సమీక్షా వ్యవస్థకు చేరుతాయి. అక్కడి నుండి జూల్ అనే ప్రోగ్రాము ఏయే పరీక్షలు నడపాలో నిర్ణయిస్తుంది, జెంకిన్స్ వాటిని నడుపుతుంది. ట్రాన్స్‌లేట్‌వికీలో స్వచ్ఛంద సభ్యులు చేసిన తెలుగు అనువాదాలు కూడా ఫైళ్ళ రూపంలో ఇదే సోర్సులోకి చేరుతాయి.

తొలుత ఈ పరీక్షలకు ఓపెన్‌స్టాక్‌పై నడిచే కృత్రిమ యంత్రాలను వాడేవారు. 2017, 2018 సంవత్సరాలలో ఈ పనులు క్రమంగా డాకర్ కంటెయినర్లకు మారినవి. ఇమేజీలను వికీమీడియా తన సొంత రిజిస్ట్రీలో ఉంచుతుంది. సీఐకి చెందిన ఇమేజీల డాకర్‌ఫైళ్ళన్నీ ఒక బహిరంగ రిపాజిటరీలో ఉన్నవి. వాటిని ఎవరైనా చూడవచ్చును, మార్పును ప్రతిపాదించవచ్చును.

ఈ ఇమేజీలను 'డాకర్-పీకేజీ' అనే పనిముట్టుతో నిర్మిస్తారు. ప్రతి ఇమేజికి ఒక సంచయం ఉంటుంది. అందులో డాకర్‌ఫైలు నమూనా, ఈ ఇమేజి ఏ ఇతర ఇమేజీలపై ఆధారపడినదో తెలిపే ఫైలు, మార్పుల చిట్టా ఉంటాయి. ఇమేజి సంచిక సంఖ్య మార్పుల చిట్టాలోని తాజా నమోదు నుండి తీసుకోబడుతుంది. అనగా ఏమి మార్చారో, ఎందుకు మార్చారో వ్రాయనిదే కొత్త సంచిక పుట్టదు. మూల ఇమేజి ఒకటి మారినపుడు దానిపై ఆధారపడిన ఇమేజీలన్నింటి చిట్టాలనూ ఇదే పనిముట్టుతో నవీకరించవచ్చును.

కొత్త ఇమేజి రిజిస్ట్రీలో చేరినంత మాత్రాన పరీక్షలు దానిని వాడవు. ప్రతి జెంకిన్స్ పని నిర్వచనంలో ఇమేజి పేరుతో పాటు సంచిక సంఖ్య కూడా వ్రాయబడి ఉంటుంది. ఆ సంఖ్యను మార్చుట మరొక మార్పుగా జరుగుతుంది. కొత్త ఇమేజిలో లోపం కనబడితే పాత సంఖ్యను తిరిగి వ్రాయుటతో పూర్వస్థితి వస్తుంది.

మీడియావికీ పరీక్షలను నడిపే 'క్విబుల్' అనే ప్రోగ్రాము గల ఇమేజీలు పీహెచ్‌పీ సంచికల వారీగా వేర్వేరుగా ఉంటాయి. 2024 డిసెంబరులో వెలువడిన మీడియావికీ 1.43కు పీహెచ్‌పీ 8.1 లేదా ఆపై సంచిక కావలెను. అంతకు ముందటి సంచికలు 7.4పై కూడా నడుస్తాయి. వికీపీడియా సర్వర్లలో ఒక పీహెచ్‌పీ, పరీక్షించే ఇమేజిలో మరొకటి ఉన్నచో పరీక్ష నెగ్గినా సైటు పనిచేయకపోవచ్చును. కొత్త పీహెచ్‌పీకి మారే సమయంలో రెండు సంచికల ఇమేజీలలోనూ పరీక్షలు నడుపుట అందుచేతనే అవసరమవుతుంది.

తెలుగు లిపికి సంబంధించిన అంశాలు

ఇమేజి పరిమాణాన్ని తగ్గించే ప్రయత్నంలో ఆంగ్లానికి అవసరం లేనివాటిని మొదట తీసివేయుట జరుగుతుంది. ఈ కారణంగా తెలుగు వంటి భాషలను ప్రదర్శించే ప్రోగ్రాముల పరీక్షలలో ప్రత్యేకమైన చిక్కులు వస్తాయి.

ఫాంట్లు: చిన్న ఇమేజీలలో తెలుగు ఫాంట్లు ఉండవు. బ్రౌజరుతో తెరపట్టు తీసి పోల్చే పరీక్షలలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు వస్తాయి. పోల్చే నమూనా కూడా అదే ఇమేజిలో తీసినదైతే గళ్ళకు గళ్ళు సరిపోయి పరీక్ష నెగ్గుతుంది. డెబియన్‌లో లోహిత్ తెలుగు, నోటో మొదలైన ఫాంట్ల ప్యాకేజీలు కలవు. వాటిని డాకర్‌ఫైలులో పేర్కొనవలెను.

అక్షర సంకేతనం: డెబియన్ మూల ఇమేజిలో భాషా అమరిక ఏదీ నిర్ణయించబడి ఉండదు. అటువంటి చోట పాత పైథాన్ 3 సంచికలు ఫైళ్ళను ఆస్కీగా భావించి, తెలుగు అక్షరం ఎదురుకాగానే దోషంతో ఆగిపోయేవి. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ఇటువంటి సందర్భంలో యూటీఎఫ్-8 తీసుకొనేట్లు సరిచేయబడినది. ఇమేజిలోనే యూటీఎఫ్-8 అమరికను నిర్ణయించుట అన్ని భాషల ప్రోగ్రాములకూ మేలు.

తేదీలు, క్రమం: తెలుగులో నెలల పేర్లు, అకారాది క్రమం మొదలైన వివరాలు ఐసీయూ అనే లైబ్రరీ దత్తాంశంలో ఉంటాయి. నోడ్ జేఎస్ 2019లో వచ్చిన 13వ సంచికకు ముందు సాధారణంగా ఆంగ్ల దత్తాంశంతో మాత్రమే లభించేది. తెలుగులో తేదీ కావలెనని అడిగినా దోషం చూపకుండా ఆంగ్లంలోనే ఇచ్చేది. ఆల్పైన్ లినక్సు 2022లో వచ్చిన 3.16 నుండి ఐసీయూ దత్తాంశాన్ని రెండుగా విడదీసినది. కోరకపోతే ఆంగ్ల భాగం మాత్రమే స్థాపించబడుతుంది. మిగిలిన భాషలకు పూర్తి దత్తాంశం గల ప్యాకేజీని విడిగా చేర్చవలెను.

భారతీయ లిపుల ప్రదర్శనను పరీక్షించవలసిన అవసరాన్ని 2018 ఫిబ్రవరి సంఘటన ప్రపంచానికి తెలియజేసినది. 'జ్ఞా' అనే అక్షరంలో కనిపించని ఒక విభజన సంకేతం చేరగా ఏర్పడిన వరుసను ప్రదర్శించుటకు ప్రయత్నించి ఐఫోనులోని ప్రోగ్రాములు కూలిపోయేవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో దీనిని సరిచేసినది. ఇది కంటెయినరు ఇమేజీకి సంబంధించిన దోషం కాదు. అయితే తెలుగు అక్షరమే గీయలేని ఇమేజిలో ఇటువంటి దోషాన్ని కనుగొనుట అసాధ్యమని గ్రహించవచ్చును.

భద్రత

సీఐ వ్యవస్థ వద్ద సోర్సుతో పాటు, విడుదలలు చేయుటకు కావలసిన రహస్య తాళాలు కూడా ఉంటాయి. అందువలన ఇమేజి ద్వారా లోనికి ప్రవేశించినవారికి ప్రాజెక్టు మొత్తం చిక్కుతుంది.

2021లో కోడ్‌కోవ్ అనే పరీక్షా సేవలో జరిగిన చొరబాటు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ సంస్థ ప్రజలకు అందించిన ఒక డాకర్ ఇమేజి మధ్య పొరలో రహస్య తాళం మిగిలిపోయినది. దానిని వెలికితీసిన దుండగులు, వేలాది ప్రాజెక్టుల సీఐలో నడిచే అప్‌లోడరు స్క్రిప్టును జనవరి 31 నుండి అనేకసార్లు మార్చి, ఆయా ప్రాజెక్టుల రహస్యాలను సేకరించారు. ఏప్రిల్ 1న ఇది బయటపడినది, 15న ప్రకటించబడినది. హాషికార్ప్ వంటి సంస్థలు తమ సంతకపు తాళాలను మార్చుకోవలసి వచ్చినది. నిర్మాణ సమయంలో అవసరమైన రహస్యాలను పొరలలోకి చేరకుండా తాత్కాలికంగా అందించే పద్ధతి డాకర్‌లో 2018 నుండి కలదు.

మార్చదగిన పేర్లను నమ్ముట వలన కలిగే ప్రమాదం 2025 మార్చిలో మరొకసారి వెల్లడైనది. గిట్‌హబ్‌లో 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతున్న 'టీజే-యాక్షన్స్ చేంజ్‌డ్-ఫైల్స్' అనే సీఐ పనిముట్టు ట్యాగులను దుండగులు హానికరమైన సోర్సుకు మార్చారు. ట్యాగుకు బదులు, అంతకు ముందటి మారని గుర్తింపు సంఖ్యను వ్రాసుకున్న ప్రాజెక్టులకు హాని కలుగలేదు. ఇది ఇమేజి కాకపోయినప్పటికీ ట్యాగు, డైజెస్టుల మధ్య భేదం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

బంధించుట ఒక్కటే రక్షణ కాదని 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ దొంగదారి నిరూపించినది. ఈ కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 సంచికలు డెబియన్ పరీక్షా పంపిణీలోకి, దాని నుండి కొన్ని ఇమేజీలలోకి చేరినవి. 2025 ఆగస్టులో కూడా అటువంటి ఇమేజీలు ముప్పదికి పైగా డాకర్ హబ్‌లో ఉన్నట్లు బైనార్లీ సంస్థ తెలిపినది. ఆ కాలపు డైజెస్టును బంధించి మరచిపోయినవారికి అది నేటికీ అదే ఇమేజిని ఇస్తుంది. ఇమేజిలో ఏయే ప్యాకేజీలు ఉన్నవో తెలిపే జాబితాను ముందుగానే తయారుచేసి ఉంచినచో ఇటువంటి వార్త వచ్చిన దినాన నిమిషాలలో సరిచూసుకొనవచ్చును.

పరిమితులు

కంటెయినర్లు ఆతిథ్య యంత్రపు కెర్నెలునే వాడుకుంటాయి. కనుక ఒకే ఇమేజి రెండు యంత్రాలలో అన్నివేళలా ఒకే విధంగా ప్రవర్తిస్తుందని చెప్పలేము. ప్రాసెసరు రకం వేరైనచో ఇమేజిని ఆ రకానికి విడిగా నిర్మించవలెను. డాకర్‌ఫైలు ఒక్కటే అయినా వేర్వేరు దినాలలో నిర్మించిన ఇమేజీలు ఒక్కటి కావు, ఎందుకనగా ప్యాకేజీల సంచికలు మధ్యలో మారి ఉండవచ్చును. డెబియన్ తన గత ప్యాకేజీలను తేదీల వారీగా భద్రపరిచే నిల్వను నడుపుతున్నది. దానిని వాడి ఈ తేడాను చాలావరకు తగ్గించవచ్చును.

సాంకేతిక పరిమితులకంటె మానవ వనరుల పరిమితి పెద్దది. ఇమేజీల నిర్వహణ వలన సాఫ్ట్‌వేరుకు కొత్త సౌకర్యమేదీ చేరదు. పని సక్రమంగా జరిగినంత కాలం ఎవరికీ కనిపించదు. స్వచ్ఛంద ప్రాజెక్టులలో ఈ పని తరచుగా ఒకరిద్దరిపైననే పడుతుంది, వారు తప్పుకుంటే ఇమేజి ఎలా తయారైనదో చెప్పగలవారు ఉండరు. డాకర్‌ఫైలును సోర్సుతో పాటు బహిరంగంగా ఉంచుట, మార్పుల చిట్టా వ్రాయుట, నిర్మాణ విధానాన్ని ఎవరైనా మరల చేయగలిగేట్లు వివరించుట దీనికి విరుగుడు. కొత్తగా చేరిన విద్యార్థి ఒకరు ఆ చిట్టా చదివి తదుపరి సంచికను నిర్మించగలిగితే ఆ ప్రాజెక్టులో ఇమేజీల నిర్వహణ సక్రమంగా ఉన్నదని చెప్పవచ్చును.

ఇవి కూడా చూడండి

లినక్సు
డెబియన్
మీడియావికీ
స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు
యూనికోడ్
ఓడలరేవు